రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు

పోయిన వారం చెల్లాయి కుట్టు షాపులో చీటీల డబ్బా బోర్లించి, మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగా కథ అక్కడ ఆపి మనం బయటికి వచ్చేశాం. నాలుగు చీటీల మీద ‘కావాలి’ అని ఉంది, నాలుగింటి మీద ‘వద్దు’ అని ఉంది, తొమ్మిదోది ఖాళీ. ఆ ఖాళీ చీటీ ఎవరు వేశారో ఎవరూ ఒప్పుకోలేదు. ఈలోగా వారం తిరిగి ఆదివారం వచ్చింది, మధ్యాహ్నం మూడైంది, ఆ తొమ్మిదిమందీ మళ్ళీ అక్కడే చేరారు. ఈసారి తేల్చక తప్పదు. పాత అచ్చాఫీసు గోదాములో ఈ తొమ్మిదిమంది ఆట అభిమానుల సంఘం పెడుతున్న ఆడపిల్లల కిక్‌బాక్సింగ్ క్లాసు రేపు పొద్దున్న ఆరింటికి మొదలు. ఇరవై ఇద్దరు పిల్లలు పేర్లిచ్చారు. నేర్పేవాళ్ళెవరన్నది మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

వచ్చిన దరఖాస్తు ఒక్కటే, తూనీగది. పోయిన వారం చీటీలు ఆమె కావాలా వద్దా అనే. అదీ తూనీగ పెట్టింది కాదు. ఆమెకి తెలియకుండా చెల్లాయి పెట్టింది.

తూనీగ చెల్లాయికి సొంత అక్క. రింగులో కాలు నేలకి ఆనుతోందో లేదో తెలియకుండా తిరిగేదని అభిమానులు పెట్టుకున్న పేరది. వరసగా మూడేళ్ళు ఛాంపియన్. ఐదేళ్ళ కింద నాలుగోసారి టైటిల్ కోసం ఆడుతూ, అన్నిట్లోనూ ముందున్న మనిషి, మూడో రౌండులో ఉన్నట్టుండి రెండు చేతులూ దించేసింది. దించి తన మూల వైపు తిరిగింది. అవతలి అమ్మాయి కాసేపు బిత్తరపోయి చూసి, తర్వాత కాలు తిప్పి తల మీద కొట్టింది. పది లెక్కపెట్టేదాకా తూనీగ లేవలేదు. ఆ రోజుతో ఆట మానేసి పార్సిళ్ళ గోదాములో సరుకు సర్దే పనిలో చేరింది. ఎందుకు దించావమ్మా అని అడిగిన ప్రతివాళ్ళకీ ‘దించాను, అంతే’ అని ఒకటే జవాబు. మనిషి జవాబు చెప్పకపోతే లోకం ఊరుకుంటుందా, తనే ఒకటి రాసిపెడుతుంది. తూనీగ విషయంలో రెండు రాసిపెట్టింది. దమ్ము అయిపోయిందని సగంమంది, అమ్ముడుపోయిందని సగంమంది.

చెల్లాయి ఏ సగంలో ఉంది? నిజం చెప్పాలంటే ఆమెకే తెలియదు. అక్కని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచాల బీరువా తెరుస్తూ, ఐదేళ్ళు ఆ ఒక్క మాట పక్కనించి నడిచింది. ఆ ఆట రికార్డింగ్ కూడా ఇంతవరకూ చూడలేదు. సంఘం వాళ్ళు తన షాపులోనే కూర్చుని ప్రతి ఆదివారం దాన్ని వేసుకుంటే, ఆమె ఏదో పని పెట్టుకుని వెనక గదిలోకి పోయేది.

సంఘం ఈ షాపులోనే ఎందుకు చేరుతుందంటే పెద్ద కారణమేమీ లేదు. చెల్లాయి కుట్టేది బళ్ళ సీటు కవర్లు, స్కూలు బ్యాగులు, చిరిగిన బాక్సింగ్ గ్లవ్స్. కాబట్టి కూర్చోవడానికి స్పాంజి దండిగా ఉంటుంది. గోడకి టీవీ ఉంది. ఇంక అభిమానులకి కావలసిందేముంది? వీళ్ళ పద్ధతి మాత్రం వీళ్ళదే. పాత ఆటలు తెచ్చుకుంటారు, టీవీ నోరు నొక్కేస్తారు, ఎందుకంటే కామెంటరీ చెవిలో పడితే కన్ను చెడుతుందట. ఒక్కో రౌండూ చూసి, ఎవరు గెలిచారో ఎవరికి వారు చీటీ రాసి డబ్బాలో వేస్తారు. అసలు జడ్జీలు ఎప్పుడో ఇచ్చిన తీర్పుల్ని వీళ్ళు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తున్నారు. ఆ జడ్జీలకి ఈ సంగతి తెలియకపోవడం వాళ్ళ అదృష్టం.

“ఒక మాట చెప్పండి మాస్టారూ,” అన్నాడు సెలూనాయన. పక్క వీధిలో క్షవరం షాపు ఆయనది, కత్తెర కన్నా నోరు పదును. “మూడేళ్ళ ఆట ఒక పక్క, ఆఖరి నాలుగు క్షణాలు ఒక పక్క పెట్టి తూస్తారా? ఎదుటివాళ్ళు కాలెత్తకముందే ఏ కాలెత్తుతారో కనిపెట్టేది ఆవిడ. అలాంటి చూపు మళ్ళీ ఎవరికైనా చూశామా?”

“నాలుగు క్షణాలు కాదు, ఏడు సెకన్లు.” లెక్కల మాస్టారు తన నోటుబుక్కు తెరిచారు. బళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతారు, సంఘానికి అధ్యక్షులు, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. “చేతులు దించిన దగ్గర్నించి దెబ్బ తగిలేదాకా ఏడు సెకన్లు. నేనే కొలిచాను. దమ్ము అయిపోయినవాళ్ళు ఒక సెకను దించుతారు, రెండు సెకన్లు దించుతారు. ఏడు సెకన్లు దించి, వీపు చూపించి మరీ తన్నించుకుంటే దాన్ని ఏమంటారు? రౌండు అవడానికి ఇంకా తొమ్మిది సెకన్లుందయ్యా. కాచుకోలేకపోయిందా?”

“మీరెప్పుడూ ఆ నోటుబుక్కులో ఉన్నదే చూస్తారు, ఆటలో ఉన్నది చూడరు.”

“నేను తూనీగని తక్కువ చెయ్యడంలేదు. ఆవిడ కాలు కదిపితే నేను భోజనం మానేసి చూసినవాణ్ణే. కానీ రేపు ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు వచ్చి, ఆట అమ్ముకున్న మనిషికి మా పిల్లల్నిచ్చారా అని అడిగితే నేనేం చెప్పాలి?”

 మిగతావాళ్ళు స్పాంజి ముక్కల మీద సర్దుకు కూర్చున్నారు. మూలన ఎప్పటిలాగే గంటాయన ఉన్నాడు. ఆయన బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు టైంకీపరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చీటీ మీద సంతకం పెడితే తప్ప బస్సు కదిలేది కాదు, పెట్టాక ఆగేది కాదు. వీధిలోవాళ్ళు ఆయన నడిచి వెళ్తుంటే గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. ఆ నమ్మకంతోనే పోటీల్లో గంట కొట్టే పని కూడా ఆయనకే ఇచ్చేవాళ్ళు. తూనీగ ఆఖరి ఆటకి గంట కొట్టిందీ ఆయనే.

“ఆఖరిసారి మూడో రౌండు వేస్తున్నాను,” అన్నారు మాస్టారు. “చూసి, చీటీ రాయండి. ఈసారి ఖాళీ చీటీలు ఒప్పుకోను.”

చెల్లాయి వెనక గదిలోకి వెళ్ళడానికి లేచింది. లేచి, ఎందుకో మళ్ళీ కూర్చుంది. అక్క బతుకు తేల్చేస్తుంటే గోడ చాటున దాక్కోవడం ఆమెకే సిగ్గనిపించింది. చేతికి ఏదో పని ఉండాలని, ఇంకా అంచు కుట్టని రెక్సిన్ సీటు కవరు మిషను మీదికి లాక్కుంది. టీవీలో, బొమ్మ ఎడమ మూలన, తెల్ల చొక్కా చెయ్యి ఒకటి లేచి గంట మీద పడింది. చెల్లాయి కాలు మిషను పెడలు మీద పడింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అక్కాచెల్లెళ్ళు చిన్నప్పుడు ఒకే గదిలో, ఒకరు కుట్టుపనీ ఒకరు ఆటా నేర్చుకున్నారు. చెల్లాయి గోడ వైపు కూర్చుని కవరు అంచు కుడుతుంటే, వెనకాల అక్క గాలితో గుద్దులాడేది. అంచు ఆ చివర మొదలై ఈ చివర అయ్యేసరికి అక్కకి ఒక రౌండు. గడియారం కొనే ఓపిక ఇంట్లో లేక మొదలైన పద్ధతి అది. తర్వాత గడియారం వచ్చినా పద్ధతి పోలేదు. కొన్నాళ్ళకి మిషను వైపు చెవి పెట్టకుండానే అక్క చేతులు దించడం మొదలుపెట్టింది. చెల్లాయి తిరిగి గడియారం చూస్తే సరిగ్గా మూడు నిమిషాలు. కళ్ళకి గుడ్డ కట్టినా అంతే, మాటల్లో పెట్టినా అంతే. కాలం ఆమె ఒంట్లోకి ఇంకిపోయింది. చెల్లాయి కాలికి కూడా ఇంకిందని మాత్రం చెల్లాయికి ఈ పూట దాకా తెలియదు.

టీవీలో అక్క తిరుగుతోంది. చెల్లాయి కళ్ళు అక్కడే ఉన్నాయి, చేతుల కింద రెక్సిన్ తన దారిన తను పోతోంది. అక్క ఎడమ కాలు ఎత్తినట్టే ఎత్తి, గాల్లోనే మార్చి, కుడి కాలి మడమతో అవతలి అమ్మాయి నుదుటిని తగిలీ తగలకుండా తాకి వెనక్కి తీసుకుంది. ఎన్నిసార్లు చూశారో గానీ తొమ్మిదిమందీ ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. తర్వాత చెల్లాయి కాలు ఆగింది. అంచు అయిపోయింది. టీవీలో అక్క చేతులు కిందికి దిగాయి.

చెల్లాయి ఒక క్షణం తన కాలి వైపు చూసుకుంది.

“మాస్టారూ, ఆపండి. అక్క చేతులు దించింది రౌండుకి తొమ్మిది సెకన్లుండగా కాదు. అప్పటికి మూడు నిమిషాలు అయిపోయాయి.”

“నీకెలా తెలుసు?”

“నా అంచు అయిపోయింది.”

ఒకరిద్దరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు గానీ తల అడ్డంగా ఊపారు. “చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఐదేళ్ళ తర్వాత గంట మీద పడితే ఎవరు నమ్ముతారు? ఆఖరి దెబ్బ తగిలింది రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లకి. పోటీ కాగితం మీద రాసి ఉంది. రాసింది ఎవరనుకున్నావు? ఇదుగో, ఈయన.” గంటాయన వైపు చెయ్యి చూపించారు. “ఈయన రాసిన అంకెని అనుమానిస్తే రేపు సూర్యుణ్ణి కూడా అనుమానించాలి.”

“ఆ ఏడు సెకన్లు మీరు కొలిచానన్నారు. మరి రౌండు మొత్తం కొలిచారా?”

మాస్టారు నోటుబుక్కు పేజీలు తిప్పారు. ఆ పేజీల్లో అది లేదు. ఐదేళ్ళుగా ఆ రౌండుని ముందుకీ వెనక్కీ తిప్పి, ఎన్ని గుద్దులు, ఎన్ని తాకులు, ఎవరు ఎన్నిసార్లు వెనకడుగు వేశారు అన్నీ లెక్కకట్టిన మహానుభావులు, గంట నించి గంట దాకా ఎంతసేపని ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని ఎందుకు తోస్తుంది? కాలం లెక్క గంటాయనది.

“ఫోను తియ్యండి మాస్టారూ,” అన్నాడు సెలూనాయన, నెమ్మదిగా.

మాస్టారు తీశారు. తెల్ల చొక్కా చెయ్యి గంట మీద పడగానే ఫోన్లో స్టాప్‌వాచీ నొక్కారు. తూనీగ చేతులు దిగేసరికి మూడు నిమిషాలు నిండింది. దెబ్బ తగిలేసరికి మూడు నిమిషాల ఏడు సెకన్లు. మాస్టారు నమ్మలేదు. ఇంకోసారి కొలిచారు, అంతే వచ్చింది. “రికార్డింగే నిదానంగా నడుస్తోందేమో,” అన్నారు. అలాగైతే రెండో రౌండు కూడా ఎక్కువే రావాలి కదా అని తనే అని, తనే రెండో రౌండు వేసి కొలిచారు. గంట నించి గంటకి మూడు నిమిషాలు, ఒక్క సెకను అటూ ఇటూ లేదు. లెక్కల మాస్టారిలో ఉన్న మంచి గుణం అదే. లెక్క ఎదురు తిరిగితే మనిషి మారుమాట్లాడరు.

“అమ్ముకోలేదు,” అన్నారు చివరికి. “ఆ పిల్ల రౌండు అయిపోయిందనుకుంది. నిజంగానే అయిపోయింది.”

చెల్లాయికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఐదేళ్ళుగా గుండెల మీద పెట్టుకున్న బండ దిగింది, దిగిన చోట సిగ్గు మిగిలింది. తనని కన్నబిడ్డలా చూసుకున్న అక్కని, ఎవరో అన్నారని తను కూడా అనుమానించింది. ఆ సిగ్గులోనే ఆమె తలెత్తి గంటాయన వైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన కుడి చేత్తో తన ఎడమ చేతి వాచీని కప్పుకుని కూర్చున్నాడు.

“ఆ ఖాళీ చీటీ మీదే కదా, బాబాయ్,” అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పకూడని మాటలా ఉంది అది. “నాదే. ‘కావాలి’ అని రాయడానికి నాకు మొహం లేదు. ‘వద్దు’ అని రాస్తే కళ్ళు పోతాయి.” టీవీ వైపు చెయ్యి చూపించాడు. “ఎడమ కాలెత్తి, గాల్లో మార్చి, కుడి మడమతో తాకింది చూశారే, ఇందాక అందరూ ఊపిరి పీల్చారే, అది జరిగాక ఇంకా పది సెకన్లుంది. నా చేతిలో వాచీ ఉంది. కానీ నేను వాచీ చూడలేదు. ఆ కాలు ఎలా మారిందా అని ఆలోచిస్తున్నాను. జన్మలో అలాంటిది చూడలేదు. మళ్ళీ వాచీ గుర్తొచ్చి చూసేసరికి అమ్మాయి కింద పడి ఉంది. ముల్లు ఏడు సెకన్లు దాటింది.”

“మరి యాభై ఎనిమిదని ఎందుకు రాశారు?”

“చెయ్యి రాసేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాసిన ఒకే ఒక్క తప్పుడు టైము అదే.”

“రాసి, ఐదేళ్ళు మా పక్కనే కూర్చుని, ఆ పిల్లని అనరాని మాటలు అంటుంటే విన్నారు,” అన్నాడు సెలూనాయన. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినబడలేదు.

“విన్నాను. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి అని ఇప్పుడంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.”

 తిడదామంటే, ఆయన చేసిన తప్పు అక్కడున్న తొమ్మిదిమందిలో ఎవరైనా చేసి ఉండేదే. అభిమానం లేనివాడైతే ఠంచనుగా గంట కొట్టేవాడు. మాస్టారు మాత్రం గొంతు సవరించుకుని, “అయినా గంట మోగేదాకా కాచుకోవాలన్నది నియమం. తన లెక్క ఎంత సరైనదైనా...” అని మొదలుపెట్టారు.

“సరిగ్గా చెప్పారు మాస్టారూ,” అంది ఒక గొంతు.

సగం దించిన షట్టరు కింద నించి వంగి తూనీగ లోపలికి వచ్చింది. పార్సిళ్ళ గోదాము ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది. చేతుల నిండా అట్టపెట్టెల దుమ్ము. “రేపు మా అమ్మాయికి మీరేనట కదా నేర్పేది అని గోదాములో ఒకావిడ అడిగింది. నా పేరున దరఖాస్తు పెట్టింది నువ్వేనా?” అని చెల్లాయిని అడిగింది.

చెల్లాయి తల ఊపింది. “నీకు అప్పుడే తెలుసా అక్కా, గంట మోగలేదని?”

“తెలియకేం? చేతులు దించాక మోగుతుందని చూస్తూ లెక్కపెట్టాను. ఏడు దాకా వచ్చింది, తర్వాత తెలియదు.” తూనీగ ఒక స్పాంజి ముక్క లాక్కుని కూర్చుంది. “గంట మోగలేదని నేనంటే ఎవరు వింటారు? మద్దెల ఓడంటారు. అదీ కాక దించింది నేను. గంట వినబడ్డాకే చేతులు దించాలని మొదటి రోజు చెబుతారు. నా లెక్క మీద నాకు పొగరు. దెబ్బ ఆ పొగరుకే తగిలింది.” తల తిప్పి గంటాయన వైపు చూసింది. “నేను లేచి కూర్చునేసరికి మీరు బల్ల దగ్గర ఏడుస్తున్నారు బాబాయ్. అభిమానమని అందరూ అనుకున్నారు. నాకు అర్థమైంది. అప్పటికి మీకు డిపోలో ఇంకా మూడు నెలలుంది. టైము తప్పిన టైంకీపరుగా మీరు రిటైరై ఇంటికి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది.”

గంటాయన తల దించుకుని మళ్ళీ కూర్చున్నాడు.

“నేను కూడా నిన్ను అనుమానించానక్కా,” అంది చెల్లాయి. దాచుకుంటే తను కూడా తప్పుడు టైము రాసినట్టే అవుతుందనిపించింది.

“తెలుసే. అందరూ అడిగారు, నువ్వొక్కదానివే అడగలేదు.” అంటూ అక్క చెయ్యి చాపి చెల్లెలి జుట్టులో ఇరుక్కున్న దారం ముక్క తీసేసింది. చెల్లాయి ఇక ఆపుకోలేదు, అక్క భుజం మీద మొహం పెట్టి ఏడ్చేసింది. సెలూనాయన టీవీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారు చీటీల డబ్బా తీసి బల్ల కింద పెట్టేశారు. “ఇంక చీటీలెందుకు? రేపు వాళ్ళ ఇళ్ళవాళ్ళు అడిగితే నేను చెబుతాను, ఫోను పట్టుకుని మరీ చూపిస్తాను. నువ్వు రామ్మా. రాకపోతే మేమంతా నీ గోదాముకి వచ్చి కూర్చుంటాం.”

తూనీగ చేతుల దుమ్ము దులుపుకుంది. “వస్తాను. కానీ రౌండుకి గంట కొట్టేది ఈయనే అయితేనే.”

“నా వల్ల కాదు,” అన్నాడు గంటాయన వెంటనే. “ఐదేళ్ళుగా నేను గంట ముట్టుకోలేదు. ఇంక ముట్టుకోను. ఆ పని నా చేత చేయించకు తల్లీ.” వాచీ మీద చెయ్యి తియ్యకుండానే షట్టరు దాకా నడిచి, వంగబోయాడు.

“మీ ఇష్టం బాబాయ్.” తూనీగ లేవలేదు. “రేపు ఆరింటికి పిల్లలకి మొదటి పాఠం ఒకటే చెబుతాను. చేతులు పైకెత్తండి, గంట మోగేదాకా ఎవరేమన్నా దించొద్దని. ఇరవై ఇద్దరూ ఎత్తే ఉంచుతారు. మీరు ఎప్పుడొస్తే అప్పుడే దించుతారు.”

గంటాయన ఆగాడు గానీ, వెనక్కి తిరగలేదు.